గ్రీన్‌లాండ్ మంచు, శంకరగుప్తం ఉప్పు

కోనసీమలోని రాజోలు దీవిలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట నడుస్తూ కొబ్బరి తోటలను చూడండి. మెరక మీద, కాలువకు దూరంగా ఉన్న చెట్లు నిండు గెలలతో పచ్చగా ఉంటాయి. గట్టుకు దగ్గరవుతున్న కొద్దీ మట్టలు పసుపు రంగుకు తిరుగుతాయి, కాయ చిన్నదవుతుంది, మొవ్వు సన్నబడుతుంది. పల్లంలోకి వచ్చేసరికి తల రాలిపోయిన మోడులు వరసగా నిలబడి ఉంటాయి. 2025 నవంబరులో రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి మలికిపురం మండలం కేశనపల్లి వచ్చి ఈ తోటలను చూశాక సంగతి పత్రికల్లో పతాక శీర్షిక అయింది. తోటల రైతులు అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే చెబుతున్నారు. పోటు వేళ సముద్రం డ్రెయిన్‌లోకి ఎగదన్నుతోంది, వచ్చిన ఉప్పునీరు పాటు వేళ పూర్తిగా వెనక్కి పోవడం లేదు, వేళ్ళ దగ్గర నిలిచిపోతోంది.

ఈ ఉప్పులో ఉత్తర ధ్రువపు మంచు వాటా ఎంత అన్నదే ఈ అధ్యాయం అడిగే ప్రశ్న. కోనసీమలో ఏ కష్టం వచ్చినా వాతావరణ మార్పు మీదికి తోసేయడం ఈ మధ్య సులువైపోయింది. అలా తోసేస్తే పూడిక తీయని కాలువకు, తలుపులు తుప్పు పట్టిన స్లూయిస్‌కు, అడ్డూ అదుపూ లేకుండా తవ్విన రొయ్యల చెరువుకు జవాబుదారీ ఉండదు. ఉత్తర ధ్రువం ఎక్కడో ఉంది, మనకేమిటి అని కొట్టిపారేయడం మరో పొరపాటు. రెండూ వద్దనుకుంటే లెక్కలోకి దిగాలి. ఆ లెక్క ఏ ఒక్క దేశమో కట్టగలిగింది కాదు.

ముందు కోనసీమ పుట్టుక చూద్దాం. సుమారు 20 వేల ఏళ్ళ క్రితం ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. అంత నీరు నేల మీద గడ్డకట్టి ఉండడంతో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. గోదావరి అప్పట్లో ఇంకా తూర్పున, ఇవాళ సముద్రం కింద ఉన్న చోట సాగరంలో కలిసేది. తర్వాత మంచు కరిగింది, సముద్రం వేల ఏళ్ళపాటు పైకి ఎక్కుతూ వచ్చింది. ఆ ఎక్కడం 7 వేల ఏళ్ళ క్రితం ప్రాంతంలో నెమ్మదించింది. నైలు, మెకాంగ్, గంగ, కృష్ణ, గోదావరి వంటి నదుల డెల్టాలన్నీ ఇంచుమించు ఆ కాలంలోనే రూపుకట్టడం మొదలుపెట్టాయి. సముద్రమట్టం ఒక చోట కుదురుగా నిలిస్తేనే నది తెచ్చిన ఒండ్రు ముఖద్వారం దగ్గర పేరుకుంటుంది, పేరుకున్నది నేలవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, జపాన్ భూగర్భ శాస్త్రవేత్త యోషికి సైతో తమ సహచరులతో కలిసి గోదావరి డెల్టా ఎలా పెరుగుతూ వచ్చిందో పునర్నిర్మించి 2015లో ప్రచురించారు. బోర్లు వేసి తీసిన మట్టి పొరల వయసు లెక్కగట్టి, పాత తీరాల ఇసుక దిబ్బలను గుర్తించి చేసిన పని అది. కోనసీమలో ఇళ్ళు, గుళ్ళు, కొబ్బరి తోటలు ఎక్కువగా కనిపించే పొడవాటి ఇసుక మెరకలు చాలా వరకు ఒకప్పటి సముద్రపు ఒడ్లే. వాటి మధ్య పల్లాలు వరి చేలయ్యాయి.

అంటే అమలాపురం నిలబడి ఉన్న నేల, ఆ మంచు కరగడం బాగా నెమ్మదించడం వల్ల దక్కింది. ఉత్తరాన మిగిలిన మంచు ఇప్పుడు మళ్ళీ కరగడం మొదలైంది. కోనసీమకు ఆర్కిటిక్‌తో ఉన్న చుట్టరికం ఇది. ఇందులో నాకు అతిశయోక్తి ఏమీ కనబడదు.

ఆర్కిటిక్ మంచు అని ఒకే మాటలో చెప్పుకుంటున్నా అక్కడ రెండు వేర్వేరు మంచులున్నాయి. ఒకటి సముద్రపు నీరే గడ్డకట్టి తేలుతూ ఉండే పలక. దాని మందం మహా అయితే కొన్ని మీటర్లు. చలికాలంలో విస్తరిస్తుంది, సెప్టెంబరుకు కుంచించుకుపోతుంది. రెండోది గ్రీన్‌లాండ్ నేల మీద లక్ష ఏళ్ళకు పైగా కురిసిన మంచు అణిగి అణిగి ఏర్పడిన కొండ. విస్తీర్ణం సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, నడుమ మందం 3 కిలోమీటర్లు. తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెరగదు. గాజు గ్లాసులో మంచు ముక్క వేసి అంచుదాకా నీళ్ళు పోసి చూడండి. ముక్క మొత్తం కరిగినా ఒక్క చుక్క పొర్లదు. అది తేలుతున్నప్పుడే తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టేసి ఉంది. గ్రీన్‌లాండ్ మంచు అలా కాదు. నేల మీది నుంచి జారి సముద్రంలో పడుతున్నది అంతా అదనపు నీరే. మొత్తం కరిగిపోతే ప్రపంచ సముద్రమట్టం 7 మీటర్లకు పైగా పెరుగుతుంది. అందుకు శతాబ్దాలు, బహుశా వేల ఏళ్ళు పడుతుంది కాబట్టి ఆ అంకెతో ఎవరినీ భయపెట్టనక్కర్లేదు. మనకు కావలసింది ఇప్పుడు ఏటా ఎంత పోతోందన్న లెక్క.

అంత పెద్ద మంచుకొండను తూచడం ఎలా? 2002 మార్చిలో అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. రెండూ ఒకే దారిలో, ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద బరువైన కొండ వస్తే ముందున్న ఉపగ్రహం ఆ ఆకర్షణకు కాస్త ముందుకు లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. తర్వాత వెనకది కూడా అలాగే లాగబడి ఎడం మళ్ళీ తగ్గుతుంది. ఆ ఎడంలో మైక్రాన్ల స్థాయి మార్పులను కొలిచి కింద ఎంత బరువు ఉందో, నెలనెలా అది ఎంత మారుతోందో కట్టారు. 2017లో ఆ జంట ముగిశాక 2018 మేలో మరో జంట వెళ్ళింది. రెండు దశాబ్దాల లెక్క ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సగటున 27 వేల కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోంది. సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరగడానికి సుమారు 36 వేల కోట్ల టన్నుల నీరు కావాలి. కాబట్టి గ్రీన్‌లాండ్ వాటా ఏడాదికి ముప్పావు మిల్లీమీటరు. మన పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో బోర్ల కింద నీరు ఎంత వేగంగా అడుగంటుతోందో 2009లో ప్రపంచానికి చెప్పిందీ ఈ ఉపగ్రహాలే. గ్రీన్‌లాండ్‌ను తూచిన తూకమే పంజాబ్ రైతు నీళ్ళ లెక్కా చెప్పింది.

ముప్పావు మిల్లీమీటరు అన్నది ప్రపంచ సగటు. ఆ నీరు అన్ని తీరాలకూ సమంగా పంపిణీ కాదు, ఆర్కిటిక్ మంచు కోనసీమ సంగతి అయ్యేది ఇక్కడే. చంద్రుడు సముద్రాన్ని తన వైపు లాగితే పోటు వస్తుందని మనకు తెలుసు. గ్రీన్‌లాండ్ మీది మంచు రాశి కూడా అంతే, తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తన ఆకర్షణతో దగ్గరకు లాక్కుని ఉంచుతుంది. అందువల్ల ఆ తీరాల్లో సముద్రం ఉండవలసినదానికంటే ఎత్తుగా ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలుతుంది. పట్టు వదిలిన నీరు దూరంగా పరుచుకుంటుంది. గ్రీన్‌లాండ్ చుట్టూ సుమారు 2 వేల కిలోమీటర్ల మేర సముద్రమట్టం తగ్గుతుంది. ఉష్ణమండల తీరాల్లో సగటు కంటే కొంత ఎక్కువే పెరుగుతుంది. పెద్ద రాశుల ఆకర్షణకు సముద్రతలం వంగుతుందన్న గణితాన్ని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్డ్ 1888లోనే రాశారు. ఒక్కో మంచుకొండ కరుగుదల సముద్రాల మీద ఒక్కో రకమైన ముద్ర వేస్తుందని జెర్రీ మిట్రోవికా, ఆయన సహచరులు 2001లో చూపారు.

దీనికి కళ్ళారా చూడదగ్గ సాక్ష్యం మన దేశపు ధ్రువ కేంద్రం ముంగిట్లోనే ఉంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర న్యూ ఓలెసుండ్ అనే చిన్న పరిశోధనా గ్రామం ఉంది. ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. 2007 ఆగస్టులో రసిక్ రవీంద్ర నాయకత్వంలో అయిదుగురు భారత శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్ళారు. 2008 జులై 1న ‘హిమాద్రి’ కేంద్రం మొదలైంది. అక్కడ సముద్రమట్టాన్ని కొలిచే పరికరం ఏళ్ళ తరబడి చూపిస్తున్నది సముద్రం నేలతో పోలిస్తే కిందికి దిగుతోందని. చుట్టూ హిమానీనదాలు కరుగుతుంటే బరువు తగ్గిన నేల పైకి లేస్తోంది, ఆకర్షణ తగ్గిన నీరు దూరమవుతోంది. అక్కడి నుంచి సుమారు 7,800 కిలోమీటర్ల దూరంలో, వశిష్ఠ గోదావరి సాగరంలో కలిసే అంతర్వేది దగ్గర సముద్రం పైకి వస్తోంది. కరిగే చోట దిగి, మంచు ముఖం ఎరగని చోట ఎక్కడం. ఈ అన్యాయం ఎవరి కుట్రా కాదు, న్యూటన్ సూత్రం. అయితే ఆ మంచును కరిగిస్తున్న పొగలో అంతర్వేది పల్లెకారుల వాటా ఎంత స్వల్పమో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

హిమాద్రిని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. అసలు ఆ దీవుల్లో మనకు చోటెలా దొరికిందంటే, 1920 ఫిబ్రవరిలో పారిస్‌లో కుదిరిన స్వాల్‌బార్డ్ ఒప్పందం వల్ల. దీవులు నార్వేవే, సంతకం చేసిన దేశాల వారికీ అక్కడ హక్కులుంటాయి. అప్పటి బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగంగా భారత్ కూడా అందులో చేరిపోయింది. ఉత్తర ధ్రువ ప్రాంతపు దేశాల కూటమి అయిన ఆర్కిటిక్ మండలిలో మనకు పరిశీలక హోదా 2013లో వచ్చింది. 2023 డిసెంబరు నుంచి సూర్యుడు కనిపించని ధ్రువ రాత్రిలో కూడా మన శాస్త్రవేత్తలు హిమాద్రిలో ఉండి పనిచేయడం మొదలుపెట్టారు.

ఈ కథలో హైదరాబాద్‌కు పెద్ద భాగమే ఉంది. 2014 జులైలో హిమాద్రి పక్కనున్న కోంగ్స్‌ఫియోర్డెన్ సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ అనే పరికరాల తాడును దించారు. నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహాల వేగం అది ఏడాది పొడవునా నమోదు చేస్తుంది. గోవా కేంద్రం, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ కలిసి చేసిన పని ఇది. మన పల్లెకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేదీ, తుపాను అలల హెచ్చరిక, సునామీ హెచ్చరిక పంపేదీ ఈ ఇన్‌కాయిసే. ఆ సముద్రపు పాయ ఒకప్పుడు ప్రతి చలికాలం గడ్డకట్టేది. 2006 నుంచి చాలా చలికాలాల్లో సరిగా గడ్డకట్టడమే మానేసింది. అట్లాంటిక్ నుంచి వెచ్చని నీరు లోపలికి చొచ్చుకొస్తోంది. హైదరాబాద్‌లోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ఎస్. శివాజీ బృందం అదే ప్రాంతపు బురద నుంచి, హిమానీనదం కరిగి పారే వాగు మట్టి నుంచి బ్యాక్టీరియాను వేరుచేసి 2009లో ఫలితాలు ప్రకటించింది. గడ్డకట్టే చలిలోనూ పిండిపదార్థాన్ని, కొవ్వును, మాంసకృత్తులను విడగొట్టగల ఎంజైములు వాటిలో ఉన్నాయని తేలింది.

తేలే మంచు సముద్రమట్టాన్ని పెంచకపోయినా దాని సంగతి పక్కన పెట్టలేం. మంచు కప్పిన పలక తన మీద పడ్డ ఎండలో నూటికి ఎనభై పాళ్ళు వెనక్కి తిప్పికొడుతుంది. పలక పోయి నల్లటి నీరు బయటపడితే అదే ఎండలో తొంభై పాళ్ళు నీరు తాగేస్తుంది. నీరు వేడెక్కితే ఇంకాస్త పలక కరుగుతుంది. ఉపగ్రహాలు 1978 చివరి నుంచి ఈ పలకను కొలుస్తున్నాయి. సెప్టెంబరు నెల మంచు విస్తీర్ణం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012 సెప్టెంబరులో 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, కొలతలు మొదలైనప్పటి నుంచి అదే కనిష్ఠం. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ భూగోళపు సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఉపగ్రహం పైనుంచి పలక వైశాల్యం చెబుతుంది. పలక లోపల, కింద ఏం జరుగుతోందో చలికాలం నడిబొడ్డున అక్కడ ఉన్నవాళ్ళే చెప్పాలి. నార్వే వీరుడు నాన్సెన్ 1893లో ‘ఫ్రామ్’ ఓడను కావాలనే సైబీరియా పైనున్న మంచులో ఇరికించి, ఆ మంచుతోపాటు కొట్టుకుపోనిచ్చాడు. 1896లో ఓడ స్వాల్‌బార్డ్ వైపు బయటపడింది. ఆ ఉపాయాన్నే 2019లో జర్మనీ మంచుకోత ఓడ ‘పోలార్‌స్టెర్న్’ మళ్ళీ వాడింది. ‘మొజాయిక్’ అన్న ఆ యాత్రలో 20 దేశాల వాళ్ళు పాల్గొన్నారు. ఏడాది పొడవునా వంతులవారీగా వందల మంది శాస్త్రవేత్తలు, సిబ్బంది మంచు పలక మీద గుడారాలు వేసి పనిచేశారు. ధ్రువపు ఎలుగుబంట్ల కోసం తుపాకులతో కాపలా కాశారు. పలక పగిలి పరికరాలు విడిపోతే మళ్ళీ ఏరి కట్టుకున్నారు. నడుమ కోవిడ్ వచ్చి ప్రపంచం మూతపడితే, సిబ్బందిని మార్చుకోవడానికి ఓడ పలకను వదిలి స్వాల్‌బార్డ్ దాకా వచ్చి మళ్ళీ వెళ్ళింది. కేరళకు చెందిన విష్ణు నందన్ ఆ యాత్రలో రాడార్‌తో మంచు కొలతల మీద పనిచేశారు. సేకరించిన వివరాలన్నీ అందరికీ ఉచితంగా ఇవ్వాలన్నది మొదటి నుంచీ వాళ్ళు పెట్టుకున్న నియమం. నాకు ఆ యాత్రలో అన్నిటికంటే గొప్పగా తోచేది అదే. అమలాపురంలో డిగ్రీ చదివే అమ్మాయి కూడా ఆ కొలతలు దించుకుని చూడవచ్చు.

మంచు పలక పలచబడితే మన వానలకు ఏమవుతుంది? గోవా కేంద్రానికి చెందిన సౌరవ్ ఛటర్జీ, ఎం. రవిచంద్రన్, నార్వేలోని నాన్సెన్ కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. రష్యా ఉత్తర తీరంలో కారా సముద్రం ఉంది. వేసవిలో అక్కడ మంచు బాగా తగ్గిన ఏళ్ళలో పైగాలుల బాట మారి, ఐరోపా మీదుగా ఆసియా దాకా అలలుగా ఆ ప్రభావం పాకుతుందని వాళ్ళు గమనించారు. అదే వేళ అరేబియా సముద్రం వెచ్చగా ఉండి తేమ అందిస్తే, సెప్టెంబరులో మధ్య భారతంలో కుంభవృష్టి కురిసే అవకాశం పెరుగుతుందట. తమ వ్యాసం శీర్షికలోనే వాళ్ళు దీన్ని సంభావ్య సంబంధంగా పేర్కొన్నారు. నేనూ ఆ హద్దు దాటను. కానీ మధ్య భారతం అన్న మాట వినగానే కోనసీమ వాళ్ళు చెవి ఒగ్గాలి. 3 లక్షల చదరపు కిలోమీటర్లు మించిన గోదావరి పరీవాహక ప్రాంతంలో వరద మోసుకొచ్చే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మధ్య భారతపు అడవుల్లోంచే వస్తాయి. విదర్భలో, బస్తర్‌లో కురిసిన వాన భద్రాచలం, ధవళేశ్వరం దాటి కోనసీమ లంకలను ముంచుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు చేరినప్పుడు, 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు లంకవాసులు ఏం పడ్డారో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ రెండు వరదలను ఆర్కిటిక్ ఖాతాలో రాయడానికి ఆధారం లేదు. రాబోయే వరదను నాలుగు రోజులు ముందే పసిగట్టాలంటే మాత్రం కారా సముద్రం మీద కూడా ఒక కన్ను వేసి ఉంచడం నేర్చుకోవలసి రావచ్చు.

ఇక మళ్ళీ శంకరగుప్తం దగ్గరకు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అందులో అన్నిటికంటే పెద్ద వాటా సముద్రపు నీరు వేడెక్కి ఉబ్బడం వల్ల వచ్చింది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గ్రీన్‌లాండ్, అంటార్కిటికా, హిమాలయాల వంటి పర్వతాల మంచుది. ఇంత చిన్న అంకెతో కొబ్బరి చెట్టు చస్తుందా అని అడగవచ్చు. ఒక్క ఏడాదిలో చావదు. అయితే డెల్టాలో మురుగు కాలువ ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోవాలి. చేల నీటిని సముద్రంలోకి తోడే మోటార్లు ఏమీ లేవు. నేల వాలే దాన్ని లాగుతుంది, ఆ వాలు చూస్తే కంటికి ఆననంత స్వల్పం. సముద్రం పాటు మీద ఉన్న కొన్ని గంటలే నీరు బయటికి పోతుంది. పోటు వేళ స్లూయిస్ తలుపులు మూసుకోవాలి, లేకపోతే సముద్రమే లోపలికి వస్తుంది. మొగ దగ్గర సముద్రం పది సెంటీమీటర్లు ఎత్తు పెరిగితే, నీరు బయటికి పోయే ఆ గంటలు తగ్గుతాయి, లోపలికి వచ్చే గంటలు పెరుగుతాయి. అమావాస్య, పున్నమి పోట్లకు అది ఇంకాస్త లోపలికి పాకుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వానలు పడి చేను మునిగితే ఆ నీరు రెండు రోజుల్లో దిగేది నాలుగు రోజులు నిలుస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతోపాటు ముంపు, మురుగు కాలువల దుస్థితి కూడా ఉన్నాయి.

సముద్రం ఎక్కుతుంటే నేల కూడా పెరగాలి. వేల ఏళ్ళుగా గోదావరి ఆ పని చేసింది, ఇప్పుడు చేయలేకపోతోంది. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన లెక్కల ప్రకారం 1970 దశకంలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు మోసుకొచ్చేది. 2000 నుంచి 2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగిలింది ఎగువ రిజర్వాయర్ల అడుగున పేరుకుంటోంది. 1965 నుంచి 2008 వరకు కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరం వెంట కలిసిన నేలను మినహాయించగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రం పాలైంది. కోతకు మొదటి కారణం ఒండ్రు తగ్గడమేనని వాళ్ళ నిర్ధారణ. నేనూ దాన్నే అంగీకరిస్తాను. ఈ రోజున కేశనపల్లి తోటలో ఉన్న ఉప్పుకు కాలువల నిర్వహణ, మొగల పూడిక, ఉప్పునీటి చెరువులు, ఒండ్రు లేమి పెద్ద కారణాలు. ఆర్కిటిక్ ఇప్పటికి చిన్న భాగస్తురాలు. తేడా ఎక్కడంటే, మిగతావన్నీ మనం సరిదిద్దుకోగలిగినవి. ఆర్కిటిక్ వాటా ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. పొగ ఎంత తగ్గిస్తామన్నదాన్ని బట్టి 2100 నాటికి ప్రపంచ సముద్రమట్టం 28 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరగవచ్చని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2021 నివేదిక చెప్పింది. సుమారు 60 సెంటీమీటర్లు పెరిగితేనే ఆంధ్ర తీరంలో 565 చదరపు కిలోమీటర్లు, అందులో కృష్ణా, గోదావరి డెల్టాలలో 150 చదరపు కిలోమీటర్లు పాటు నీటిమట్టం కిందికి పోతాయని నాగేశ్వరరావు బృందమే 2008లో అంచనా కట్టింది.

నేల కుంగడం అన్న మూడో సంగతి ఉంది. ఒండ్రు నేల తన బరువుకు తానే అణిగిపోతుంది. భూగర్భంలోంచి నీరు, చమురు, వాయువు తీస్తే ఇంకా అణగవచ్చు. కోనసీమ ప్రజలు ఈ అనుమానాన్ని దశాబ్దాలుగా అడుగుతున్నారు. దానికి వాదనలతో జవాబు రాదు, కొలతలతోనే వస్తుంది. 2013 ఫిబ్రవరిలో భారత్, ఫ్రాన్స్ కలిసి శ్రీహరికోట నుంచి పంపిన ‘సరళ్’ ఉపగ్రహం బంగాళాఖాతపు మట్టాన్నీ, ధ్రువపు మంచునూ ఒకే పరికరంతో కొలిచింది. 2025 జులై 30న అదే శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి ‘నిసార్’ను పంపాయి. 12 రోజులకొకసారి భూమిని రాడార్‌తో చూసి, నేల ఎత్తులో సెంటీమీటరు స్థాయి మార్పులను పట్టగల ఉపగ్రహం అది. గ్రీన్‌లాండ్ హిమానీనదాల జారుడునూ, గోదావరి డెల్టా కుంగుబాటునూ ఒకే కన్నుతో చూడగలదు.

ఇలాంటి ఉమ్మడి పని ఎంత తేలికగా తెగిపోతుందో కూడా ఈ మధ్యనే చూశాం. ఆర్కిటిక్ తీరంలో సగం రష్యాది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆర్కిటిక్ మండలిలోని మిగతా ఏడు దేశాలు రష్యాతో కలిసి పనిచేయడం ఆపేశాయి. రష్యా పరిశోధనా కేంద్రాల కొలతలు లేకుండా ఆర్కిటిక్ గురించి చెప్పే లెక్కలు ఒక పక్కకు ఒరిగిపోతున్నాయని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. కారా సముద్రం రష్యా గుమ్మంలోనే ఉంది. అటు నార్వేతోనూ ఇటు రష్యాతోనూ మాట్లాడగల దేశాల్లో భారత్ ఒకటి. మన రైతు వానల కోసమైనా ఆ తెగిన తీగను కలిపే ప్రయత్నం ఢిల్లీ చేయాలి.

కోనసీమ వాళ్ళు చేయదగ్గది దగ్గరలోనే ఉంది. ఉపగ్రహం పైనుంచి ఎంత చూసినా నేల మీద సరిచూసే కొలత కావాలి. విశాఖ రేవులో సముద్రమట్టం నమోదు 1937 నుంచి ఉంది. శంకరగుప్తం, కూనవరం వంటి డ్రెయిన్ల మొగల దగ్గర, ఓడలరేవు, అంతర్వేదిల దగ్గర ఒక్కో కొలత స్తంభం పాతి, ప్రతి అమావాస్యకు, పున్నమికి పోటు ఎత్తు రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నీటిలో ఉప్పు శాతం చెప్పే చిన్న మీటరు జేబులో పడుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట కళాశాలల్లో భౌతిక, రసాయన, భూగోళ శాస్త్రాలు చదువుతున్న విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. సముద్రానికి ఎగువన మూడు చోట్ల, బావుల్లో, తోటల్లో నెలనెలా కొలిచి పుస్తకంలో రాయండి. ఆ అంకెలను పంచాయతీ గోడ మీద పెట్టండి, ఇన్‌కాయిస్‌కు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పంపండి. పదేళ్ళ కొలతలు చేతిలో ఉన్న ఊరిని ఏ ఇంజినీరూ, ఏ మంత్రీ తోసిపుచ్చలేరు. మీ ఊరి డ్రెయిన్ మొగ ఎక్కడుందో ఈ వారమే వెళ్ళి చూసి, మొదటి కొలత రాయండి.